బ్లేడ్ 6 బోర్డు, 90 శాతం టంగ్‌స్టన్ డార్ట్‌లు: ఉత్తరాంధ్ర గాలికి ఏ మాత్రం నిలుస్తాయి?

మార్కులు ముందే చెప్పేస్తే చదివేవాళ్లకి సుఖం. గుండ్రటి బోర్డు మీదకి చిన్న బాణాలు విసిరే డార్ట్స్ ఆట సామాను ఇది. విన్‌మౌ బ్లేడ్ 6 బోర్డుకి అయిదుకి నాలుగున్నర. 22 గ్రాముల 90 శాతం టంగ్‌స్టన్ డార్టుల సెట్టుకి నాలుగు. ఇలాంటి సెట్లతో పాటు డబ్బాలో పెట్టి ఇచ్చే నైలాన్ కాడలకి (డార్టు వెనక రెక్కల్ని పట్టి ఉంచేవి) రెండు, అదీ మొహమాటానికి. దీపం రెండింటితోనూ రాదు, విడిగా కొనుక్కోవాలి. దాన్ని వాయిదా వేస్తే మిగతా ఖర్చు సగం దండగ.

పండక్కి వచ్చిన చుట్టాలతో నాలుగాటలు ఆడుకోవడానికైతే ఇంత ఖర్చు అక్కర్లేదు. ఈ సమీక్ష డార్ట్స్‌ని సగం వృత్తిగా పెట్టుకున్నవాళ్ల కోసం. వారమంతా బడిలోనో బ్యాంకులోనో మందుల కొట్లోనో ఉద్యోగం, రాత్రి గంటన్నర సాధన, వీలైనప్పుడు రైలెక్కి టోర్నమెంటు. ఇంగ్లాండులో ఇలాంటివాళ్లకి మెట్లు కట్టే ఉన్నాయి. పబ్బు లీగు, దాని మీద కౌంటీ జట్టు, ఆపైన ప్రొఫెషనల్ డార్ట్స్ నడిపే పీడీసీ సంస్థ ఏటా జనవరిలో పెట్టే అర్హత పోటీ, క్యూ స్కూల్. అక్కడ నెగ్గితే ప్రొఫెషనల్ టోర్నమెంట్లు ఆడనిచ్చే రెండేళ్ల టూర్ కార్డు. కార్డులున్నది 128 మందికే. అందనివాళ్లకి ఒక మెట్టు కింద ఛాలెంజ్ టూర్ ఉంది. రాబ్ క్రాస్ ఎలక్ట్రీషియన్‌గా పనిచేస్తూ ఆ ఛాలెంజ్ టూర్‌లోంచే పైకొచ్చాడు. 2017లో టూర్ కార్డు చేతికొచ్చింది, 2018 జనవరి 1న ఫిల్ టేలర్‌ని 7-2తో ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

మన దేశం నుంచి నితిన్ కుమార్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగే లండన్ అలెగ్జాండ్రా ప్యాలెస్ వేదిక ఎక్కాడు. దారి లేకపోలేదు. కానీ విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో సందుకో క్యారమ్ బోర్డు కనబడుతుంది గానీ వారం వారం ఆడించే పబ్బు లీగు ఎక్కడ? ఇక్కడి ఆటగాడు పోటీలో వేసే ఒక్కో డార్టు వెనకా ఇంట్లో ఒంటరిగా వేసినవి వందలుంటాయి. ఇంటి బోర్డు కొలత రెండు సెంటీమీటర్లు తప్పితే ఆ వందలూ చేతికి తప్పే నేర్పుతాయి. అందుకే డబ్బు ముందు బోర్డు మీద, తర్వాత దీపం మీద, చివరికి డార్ట్‌ల మీద పెట్టాలి. చాలామంది సరిగ్గా తిరగేసి చేస్తారు.

బోర్డు

బజార్లో ఆటసామాన్ల కొట్లలో రెండు వైపులా బొమ్మ వేసి అమ్మే బోర్డు కాగితం పట్టీని గట్టిగా చుట్టి చేసింది. దానిలో పడిన రంధ్రం మళ్లీ పూడదు. రోజూ సాధన చేసేవాళ్ల చేతిలో ముందుగా 20 అంకె ఉన్న గడి పొట్టు రాలడం మొదలెడుతుంది. గడుల్ని విడదీసే తీగ లావు, పైగా స్టేపుల్ పిన్నులు, డార్టు తగిలితే ఎగిరి కాళ్ల మీదకొస్తుంది. పిల్లలకి కొనిపెట్టినా ప్రమాదమే. ఒగ్గేయడమే మంచిది.

బ్లేడ్ 6 సైసల్ బోర్డు. సైసల్ అంటే కిత్తనార, మన పొలం గట్ల మీద కంచెగా పెరిగే కిత్తలి జాతి మొక్క ఆకుల్లోంచి తీసేది. నారని కట్టలుగా నొక్కి బిళ్లలుగా కోసి, కోసిన వైపు మన మొహానికి వచ్చేలా పేరుస్తారు. అంటే బోర్డు మీద కనబడేది నార పొడవు కాదు, లక్షల పోగుల చివర్లు. కొత్త చీపురుకట్టని నిలబెట్టి పైనుంచి చూస్తే ఎలా ఉంటుందో అలా. డార్టు మొన పోగుని చీల్చదు, రెండు పోగుల మధ్య చోటు చేసుకుని దిగుతుంది. లాగేశాక పోగులు మళ్లీ దగ్గరకొస్తాయి. మంచి బోర్డు ఏళ్లు రావడానికీ కాగితం బోర్డు నెలల్లో పోవడానికీ తేడా అంతా ఇక్కడే.

బ్లేడ్ 6 ప్రత్యేకత తీగలో ఉంది. పల్చని లోహపు పట్టీ నారలోకి దిగి ఉంటుంది, బయటికి కనిపించే అంచు చాలా సన్నం. స్టేపుల్ పిన్ను ఒక్కటీ లేదు. పాయింట్లు మూడింతలు లెక్కపడే ట్రెబుల్ గడి వెడల్పు 8 మిల్లీమీటర్లే కాబట్టి తీగ దగ్గర మిగిలే వెంట్రుకవాసి కూడా లెక్కలోకొస్తుంది. 2022 నుంచి పీడీసీ టోర్నమెంట్లలో వాడే బోర్డు విన్‌మౌదే. ఎప్పటికైనా ఆడబోయే రకం మీదే ఇంట్లో చేయి అలవాటు పడుతుందన్నది దీన్ని కొనడానికి మంచి కారణం. డ్యుయల్ కోర్, ట్రిపుల్ కోర్ అని ఇదే బోర్డులో ఖరీదైన రకాలున్నాయి. సాధనకి మామూలు బ్లేడ్ 6 చాలు, మిగిలిన డబ్బు దీపానికి పనికొస్తుంది.

తగిలించడం: ఎక్కువమంది పాడుచేసేది ఇక్కడే

నేల నుంచి బుల్ (బోర్డు మధ్యలోని గుండ్రటి గడి) నడిమధ్యకి 173 సెంటీమీటర్లు. బోర్డు ముఖం నుంచి నిలబడే గీతకి 237. గోడ నుంచి కాదు, బోర్డు ముఖం నుంచి. బోర్డు మందం, వెనక బ్రాకెట్టు కలిపితే నాలుగైదు సెంటీమీటర్లు ముందుకొస్తుంది, గోడ నుంచి కొలిచినవాళ్లు ఆ మేరకి దగ్గర నుంచి వేస్తూ మురిసిపోతుంటారు. బోర్డు ముఖానికి ఆనించి దారానికి బరువు కట్టి వదలండి, అది నేల తాకిన చోటు నుంచి టేపు పెట్టండి. కొన్ని వీడియోల్లో కనిపించే 244 సెంటీమీటర్లు ప్లాస్టిక్ మొనల ఎలక్ట్రానిక్ మిషన్లకి, ఉక్కు మొనలకి కాదు.

మన ఇళ్లలో ఇంకో చిక్కుంది. వసారా, డాబా నేలలకి వాన నీళ్లు పోవడానికి మేస్త్రీ వాలు పెడతాడు. గోడ మొదట్లో కొలిచిన 173, మీరు నిలబడే చోటికి వచ్చేసరికి 171 కావచ్చు, 175 కావచ్చు. లెక్కలోకి రావాల్సింది మీ పాదాల కింది నేల. మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టంతో గీత దగ్గరి మట్టాన్ని గోడ మీదకి తెచ్చుకుని అక్కణ్నుంచి కొలవండి. అన్నీ సరిపోయాయా అని చూడ్డానికి ఒకే కొలత చాలు: బుల్ మధ్య నుంచి గీత దగ్గరి నేలకి ఏటవాలుగా 293 సెంటీమీటర్లు, ఇంకో నాలుగు మిల్లీమీటర్లు. ఇది తప్పితే మిగతా రెండిట్లో ఒకటి తప్పినట్టే.

గీతకి రంగు టేపు అతికించినా సరే, చెక్కపట్టీ మేలు. పోటీల్లో వాడేది 38 మిల్లీమీటర్ల ఎత్తు, 61 సెంటీమీటర్ల పొడవు. 237 కొలత పట్టీకి ఆటగాడి వైపు అంచు దాకా. టేపు మీద కాలు రోజుకి కొంత ముందుకి జారుతుంది, మనకి తెలియదు. పట్టీ ఉంటే బొటనవేలే చెబుతుంది.

సిమెంటు ప్లాస్టరు ఉన్న ఇటుక గోడైతే డ్రిల్లుతో రంధ్రం చేసి, ప్లాస్టిక్ ప్లగ్గు దింపి, బ్రాకెట్టు బిగిస్తే సరి. బోర్డు బరువు దాదాపు 5 కేజీలు. విజయనగరం కోట చుట్టుపక్కల పాత పెంకుటిళ్ల సున్నం గోడల్లో మాత్రం ప్లగ్గు నిలవదు, నెల తిరక్కుండా వదులవుతుంది. అలాంటి చోట 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క, రెండడుగుల చదరం, ఆరు చోట్ల గోడకి బిగించి దాని మీద బోర్డు పెట్టాలి. ప్లైవుడ్ వేశాక 237 మళ్లీ కొలుచుకోవాలన్నది మర్చిపోయేవాళ్లే ఎక్కువ. బ్లేడ్ 6 వెనక చిన్న చక్రాలు మూడున్నాయి, గోడ ఎత్తుపల్లాలని బట్టి ఒక్కోదాన్ని తిప్పి బోర్డు కదలకుండా సర్దుకోవచ్చు. పనికొచ్చే ఏర్పాటు. బోర్డు కాస్త ఊగినా డార్టు దిగే బలం తగ్గి కింద పడుతుంది, నేరం మొన మీదకి పోతుంది.

చుట్టూ పెట్టే ఫోమ్ వలయం కొనడం ఇష్టం లేకపోతే 18 అంగుళాల పాత మోటార్‌సైకిల్ టైరు చూడండి. బోర్డు అడ్డంగా 451 మిల్లీమీటర్లు, టైరు లోపలి వలయం 457 దగ్గర. అతికినట్టు కూర్చుంటుంది. అందం సున్నా, ఎండాకాలం వాసన, లోపలి ఉక్కు తీగకి తగిలిన డార్టు వెనక్కి ఎగురుతుంది. అయినా గోడ ప్లాస్టరు మిగులుతుంది.

తేమ

నెల్లిమర్ల, బొబ్బిలి, సాలూరు వైపు జూట్ మిల్లుల్లో చేసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు: గోగునారైనా కిత్తనారైనా గాలిలో తేమని తాగుతుంది. తాగిన నార ఉబ్బుతుంది. బోర్డు చుట్టూ బిగుతుగా పట్టీ ఉంటుంది కాబట్టి పక్కకి పోలేక ముందుకి పొంగుతుంది. జూన్ నుంచి నవంబరు దాకా మన తీరంలో ఇదే పెద్ద శత్రువు. స్టీలు స్కేలు ఒకటి బోర్డు ముఖానికి అడ్డంగా ఆనించి, వెనక నుంచి టార్చి వేసి చూడండి. స్కేలు కింద వెలుగు సన్నగా, అన్నిచోట్లా ఒకేలా ఉంటే బాగున్నట్టు. మధ్యలో ఆని రెండు చివర్లా వెలుగు పారితే ఉబ్బింది. ఒకసారి గట్టిగా ఉబ్బితే పూర్తిగా వెనక్కి రాదు, ఆ మిట్ట మీద తీగ పైకి లేచి డార్టులు తిరగ్గొడుతుంది.

వాన జల్లు కొట్టే బయటి గోడకి లోపలి వైపు తగిలించొద్దు, స్నానాలగది గోడకి అసలే వద్దు. ఏసీ గాలి నేరుగా తగిలే చోటూ మంచిది కాదు, అక్కడ నార ఎండి గడుల మధ్య సందులు పడతాయి. తడిగుడ్డతో తుడిస్తే రంధ్రాలు పూడతాయని ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. ఆ సలహా పూర్వం ఎల్మ్ చెక్కతో చేసిన బోర్డులది, వాటిని నిజంగానే నీళ్లలో నానబెట్టేవారు. సైసల్‌ని తడిపితే అంతే సంగతులు. తుపాను హెచ్చరిక వస్తే బోర్డు దించి పాత దుప్పట్లో చుట్టి గది మధ్యలో పెట్టండి. పాలిథిన్ కవర్లో వద్దు, లోపలి తేమ అక్కడే మగ్గుతుంది. హుద్‌హుద్, తిత్లీ చూసిన ఇళ్లకి కిటికీలోంచి నీళ్లు ఎంత లోపలికి వస్తాయో తెలుసు.

అంకెల చట్రం ఊడి వస్తుంది. రెండు మూడు వారాలకోసారి దాన్ని తీసి, బోర్డుని రెండు గడుల మేర తిప్పి, మళ్లీ పెట్టాలి. ఒక్క గడి తిప్పితే 20 తెల్ల రంగు మీదకొస్తుంది, 20 ఎప్పుడూ నలుపే ఉండాలి. ఇలా చేస్తే దెబ్బలన్నీ ఒకే ముక్క తినకుండా అరుగుదల సమంగా పంచుకుంటుంది.

డార్ట్‌లు

కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీలో 240 కేజీలు ఎత్తి కాంస్యం తెచ్చిన ఉత్తరాంధ్రలో 22 గ్రాముల వస్తువు గురించి ఇంత చర్చా అనిపించొచ్చు. కానీ ఇక్కడ చూడాల్సింది బరువు కాదు, లావు.

డార్టులో వేళ్లతో పట్టుకునే లోహపు భాగం బ్యారెల్. ఇత్తడితో 22 గ్రాముల బ్యారెల్ చేస్తే లావు సుమారు ఎనిమిది మిల్లీమీటర్లు ఉంటుంది. టంగ్‌స్టన్ సాంద్రత ఇత్తడికి రెట్టింపు పైనే, కాబట్టి అదే బరువు ఆరున్నరలో సరిపోతుంది. ట్రెబుల్ 20 గడి ఎత్తు 8 మిల్లీమీటర్లు, పక్కలకి మూడు సెంటీమీటర్ల పైచిలుకు. ఇందులో మూడు డార్టులు పట్టాలి. మొదటి ఇత్తడి డార్టు దిగాక రెండోదానికి మిగిలేది సందు, మూడోదానికి అదృష్టం. మూడూ అందులోనే దించి 180 కొట్టాలంటే సన్నని బ్యారెల్ కావాలనేది ఫ్యాషన్ కాదు, లెక్క. 80 శాతం టంగ్‌స్టన్‌కీ 90 శాతానికీ మధ్య తేడా అర మిల్లీమీటరు కూడా ఉండదు. డబ్బు బిగుతుగా ఉంటే 80 శాతంతో ఏ నష్టమూ లేదు. 95 శాతం కేవలం జేబుకి బరువు.

సెట్టు రాగానే మూడింటినీ తూచండి. వంటింటి త్రాసు గ్రాముల దగ్గరే ఆగిపోతుంది. విజయనగరం గంటస్తంభం దగ్గర బంగారం కొట్లో త్రాసు పది మిల్లీగ్రాములు కూడా చెబుతుంది, బేరం లేనప్పుడు అడిగితే కాదనరు. కాడలు, రెక్కలు తీసేసి ఒట్టి బ్యారెల్స్ తూచాలి. మూడింటి మధ్య తేడా పావు గ్రాము దాటితే వెనక్కి పంపండి.

మొనని సూదిలా సానపెట్టడం అందరూ చేసే తప్పు. సూది మొన తీగకి తగిలి కొక్కెంలా వంగుతుంది, ఆ కొక్కెం లాగేటప్పుడల్లా నార పీక్కొస్తుంది. బోర్డు ముందు నేల మీద గోధుమరంగు పొట్టు రాలుతుంటే బోర్డుని తిట్టకుండా మొన మీద గోరు పెట్టి గీయండి, గోరు ఆగితే కొక్కెం ఉన్నట్టే. గుండ్రటి సానరాయిలో నాలుగు తిప్పులు తిప్పితే పోతుంది. మొన బాల్‌పెన్ కొసలా కాస్త గుండ్రంగా ఉంటే తీగ పక్కనుంచి జారి లోపలికి దిగుతుంది. భీమిలి నుంచి బారువ దాకా ఉప్పుగాలి తగిలే ఊళ్లలో మొన తుప్పు పడుతుంది. వారానికోసారి కుట్టుమిషను నూనె చుక్క వేసి, పొడిగుడ్డతో పూర్తిగా తుడిచేయాలి. జిడ్డు మిగిలితే బోర్డుకి అంటుతుంది.

ఇక రెండు మార్కుల కాడలు. నైలాన్ కాడ మరలో వదులవుతుంది, మీద ఇంకో డార్టు పడితే మర దగ్గరే విరిగి ముక్క బ్యారెల్‌లో ఉండిపోతుంది. ముక్కని తీయడానికి చిన్న పనిముట్టు అమ్ముతారు, కొని పెట్టుకోండి. వదులు కాకుండా మర మొదట్లో సన్నని రబ్బరు రింగు వేస్తే చాలు. ఎక్కువ బ్యారెల్స్ మర 2బీఏ రకమే, కాబట్టి ఏ బ్రాండు కాడైనా ఎక్కుతుంది. రెక్కలు మామూలు పెద్ద ఆకారంలో 100 మైక్రాన్ల మందానివి తీసుకోండి. ఒక అంచు చీలిన రెక్కతో డార్టు తోక ఊగుతూ వెళ్తుంది, రెక్కల సెట్లు నాలుగు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి.

చెమట సంగతి. మే నెలలో బ్యారెల్ మీది గీతలు చెమటతో, మట్టితో పూడి నున్నగా అయిపోతాయి. క్యారమ్ పౌడరు రాయడం మాత్రం వద్దు, అది జారడానికి చేసిన వస్తువు. గోరువెచ్చని సబ్బునీళ్లలో పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, ఆరబెట్టండి. సీలింగు ఫ్యాను పర్వాలేదు గానీ పక్కనుంచి కొట్టే టేబులు ఫ్యాను రెక్కల్ని నెడుతుంది. ఉక్కగా ఉన్నా దాన్ని వెనక్కి తిప్పుకోక తప్పదు.

దీపం

గది మధ్య ట్యూబులైటు ఒక్కటే ఉంటే మొదటి డార్టు నీడ సరిగ్గా ట్రెబుల్ గడి మీద పడుతుంది. టార్గెట్ కొరోనా విజన్, విన్‌మౌ ప్లాస్మా లాంటి వలయపు దీపాలు నాలుగు వైపులా వెలుగిచ్చి నీడ లేకుండా చేస్తాయి. కొనలేకపోతే ఒకే రంగు ఎల్‌ఈడీ బ్యాటెన్లు రెండు, బోర్డుకి ముందు, పైన ఎడమా కుడీ, 45 డిగ్రీల వాలులో బిగించినా పని జరుగుతుంది. కంట్లో పడకుండా ముందు వైపు రేకు అడ్డు పెట్టాలి. ఇన్వర్టరు లైనుకి కలపండి, సాధన వేళే కరెంటు పోవడం మామూలే.

ఇవన్నీ కొన్నాక ఆట ఎక్కడుంది?

పోటీ ఆట 501 నుంచి పాయింట్లు తీసేసుకుంటూ సరిగ్గా సున్నాకి రావడం, చివరి డార్టు రెండింతలు లెక్కపడే డబుల్ గడిలోనే పడాలి. 501ని 24 డార్టుల్లో ముగిస్తే మూడు డార్టుల సగటు 62.6. 21 అయితే 71.6. 18 అయితే 83.5. 15 అయితే 100.2. పద్దెనిమిదిలో అప్పుడప్పుడు కాక వరసగా ముగుస్తున్నాయంటే టోర్నమెంటు ఫీజు, రైలు టికెట్టు పెట్టడానికి అర్థముంది. ఇరవై నాలుగు దగ్గర ఉంటే డార్టులు మార్చకండి, డబుల్స్ చూడండి. సగటు తినేసేది ఎక్కువగా అదే. 32 మిగిల్చుకుంటే డబుల్ 16 తప్పి ఒట్టి 16లో పడ్డా 16 మిగులుతుంది, డబుల్ 8 ఉంది. అదీ అలాగే తప్పితే డబుల్ 4. అదే 38 మిగిలితే డబుల్ 19 తప్పి ఒట్టి 19 పడగానే బేసి అంకె, ఇంకో డార్టు దండగ. 169, 168, 166, 165, 163, 162, 159 మూడు డార్టుల్లో ముగియవు. ఇవి పళ్లపొడి డబ్బా మీద రాసుకున్నా తప్పులేదు.

ఎదుటి ఆటగాడి లోటుకి డార్ట్‌కౌంటర్ లాంటి యాప్‌లు కొంత పూడిక. ఫోను కెమెరా బోర్డు వైపు తిప్పి ఇంకో ఊరివాళ్లతో ఆడొచ్చు. స్కోరు చాలావరకు నమ్మకం మీదే నడుస్తుంది, అయినా ఒంటరిగా వేసినప్పటి సగటుకీ ఎదురుగా మనిషున్నప్పటి సగటుకీ ఉన్న తేడా మొదటి వారంలోనే బయటపడుతుంది.

కొనేటప్పుడు ఒక మాట. కొరియరులో 5 కేజీల బోర్డు పెట్టె దొర్లుతూ వస్తుంది. పెట్టె మూల నలిగి ఉంటే విప్పేటప్పుడు వీడియో తీయండి. అంకెల చట్రం వంకర, బోర్డు అంచు పట్టీ సొట్ట, తీగల కూడలి దగ్గర గోరుకి తగిలే ఎత్తు, ఈ మూడూ వెనక్కి పంపదగ్గ లోపాలే. నార రంగులో చిన్న తేడా, కొత్త వాసన లోపాలు కావు.

టోర్నమెంటుకి విశాఖ నుంచి విమానంలో వెళ్తే డార్టులు చేతిసంచీలో పెట్టొద్దు, భద్రతా తనిఖీలో తీసేస్తారు. చెక్‌ఇన్ పెట్టెలో వేసుకోండి. ఆ పెట్టె మరో ఊరెళ్లిపోయే రోజు ఒకటి వస్తుంది కాబట్టి అదే బరువు, అదే గీతల సెట్టు ఇంకొకటి కొని, తోడు వచ్చేవాళ్ల పెట్టెలో వేయండి.